తోట ఒప్పుకున్న తేదీకే పెళ్లి

మా కొబ్బరి తోటలో పెళ్లిళ్లకు చోటిస్తామని బయటికి చెప్పగానే రెండు వైపుల నుంచి రెండు మాటలు వచ్చాయి. పెదనాన్న మా నాన్నను పిలిచి, "ఒరేయ్, తాతల నాటి నేల. పండించుకు తినాలి గానీ అద్దెకిచ్చి డబ్బులు లెక్కపెట్టుకుంటావా?" అన్నారు. అమలాపురం నుంచి వచ్చిన డెకరేషన్ కాంట్రాక్టరేమో తోటంతా తిరిగి చూసి, "మధ్యలో రెండు వరసలు తీయించేయండి బాబుగారూ. లాన్ వేసి, రోడ్డు వైపు ఆర్చీ కట్టామంటే ఏడాది పొడుగునా బుకింగులే" అన్నాడు.

ఒకరు నేలను కాపాడాలన్నారు, ఒకరు నేలతో సంపాదించాలన్నారు. ఇద్దరూ ఒకే చోట పొరబడ్డారని నాకనిపిస్తుంది. పంటకూ వేడుకకూ పొత్తు కుదరదని ఇద్దరూ అనుకున్నారు. కోనసీమలో తరతరాలుగా కుదిరింది. పొలంలో నలుగురినీ కూర్చోబెట్టి అన్నం పెట్టడం ఇక్కడ కొత్త కాదు, కొత్తదల్లా దానికి డబ్బు తీసుకోవడం. అది తప్పు కాదనే నేను వాదిస్తాను. కాకపోతే వేడుక తేదీని ముందు తోట ఒప్పుకోవాలి. తేదీ కోసం చెట్టు కొట్టాల్సి వచ్చిన రోజున అది తోట కాదు, నాలుగు చెట్లు మిగిలిన ఫంక్షన్ హాలు.

మా చెక్క, అంటే మా నేల ముక్క, అమలాపురానికి, అంబాజీపేటకు మధ్యలో, పంట కాలువ నుంచి వచ్చే బోదె పక్కన ఉంది. కొంత కొబ్బరి, కొంత వరి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకు ముందు ఈ నేల వరదొస్తే మునిగేది, వానలు మొహం చాటేస్తే ఎండేది. 1833 నాటి కరువు గురించి పెద్దవాళ్లు చెప్పే మాటలు వింటే, ఇప్పటి పచ్చదనం ఎప్పుడూ ఇలాగే ఉందని ఎవరూ అనుకోరు. గోదావరి పాయలైన గౌతమికీ వశిష్ఠకూ మధ్యనున్న ఈ మధ్య డెల్టాకు కాలువ నీళ్లు వచ్చాకే సార్వా (వానాకాలపు వరి) నిలకడగా పండింది, ఆ తర్వాత దాళ్వా (రెండో పంట వరి) కూడా కలిసింది. గట్ల మీద కొబ్బరి వేశారు. గాదెలో ధాన్యం ఉన్న ఇంటికి చుట్టాలు వస్తారు. మా ఇంటికీ వచ్చారు.

ఆ రోజుల్లో వేడుకకు చోటంటే కళ్లమే. కుప్ప నూర్పులు అయిపోయాక, పేడతో అలికి గట్టిపడిన ఆ నేల ఖాళీగా ఉండేది. ఊళ్లో అంత చదునైన, అంత పెద్ద చోటు మరొకటి లేదు. హరికథ అక్కడే, బుర్రకథ అక్కడే, పెళ్లిపందిరి కూడా అక్కడే. మామ్మ పెళ్లి ఐదు రోజులు మా కళ్లంలోనే జరిగిందని ఆవిడే చెప్పేది. పందిరికి కొబ్బరి మట్టలు మా చెట్లవి, వంటకు కట్టెలు మా తోటవి, విస్తళ్లకు అరటాకులు బోదె గట్టువి. ఎద్దుబళ్ల మీద వచ్చిన మగపెళ్లివారి ఎడ్లకు గడ్డి మా మేటుదే. పంట చేతికొచ్చాకే ముహూర్తం పెట్టేవారు. అప్పటికి బియ్యం ఉంటాయి, చేతిలో డబ్బులుంటాయి, పనివాళ్లకు తీరిక ఉంటుంది. పంచాంగం చూసేది పంతులుగారే అయినా, ఏ నెలల్లో చూడాలో నిర్ణయించేది వరిచేను. ఎవరూ రాసిపెట్టని ఆ పద్ధతినే నేను ఇప్పుడు మా తోటకు నియమంగా పెట్టమంటున్నాను.

పొలాన్ని వేడుకకు వాడితే నేలకు మైల అంటుకుంటుందనే వాళ్లు కనుమ రోజున ఒక్కసారి జగ్గన్నతోటకు వెళ్లి చూడాలి. మా ఊళ్లకు దగ్గరే, అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, ఉన్నది కొబ్బరి తోట. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు ప్రభల మీద ఆ తోటకే వస్తారు. వ్యాఘ్రేశ్వరం నుంచి వ్యాఘ్రేశ్వరస్వామి, ఇంకా పాలగుమ్మి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పుల్లేటికుర్రు ఇలా. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటి రావాలి. వెదురు బొంగులకు రంగుబట్టలు కట్టి, నెమలి పింఛాలూ పూలదండలూ వేసిన అంత ఎత్తు ప్రభను పదుల మంది భుజాన వేసుకుని, పీకల్లోతు నీళ్లలోకి దిగి, అవతలి గట్టు ఎక్కిస్తారు. గట్టు ఎక్కాక దారి వరిచేలల్లోంచే. పచ్చగా నిలబడిన నాట్లు కాళ్ల కింద నలుగుతాయి. ఆ చేను గలాయన గట్టు మీదే నిలబడి చేతులు జోడిస్తాడు. స్వామి నడిచిన చేను బాగా పండుతుందని ఆయన నమ్మకం. 2023 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీ కవాతులో మన రాష్ట్రం ఈ తీర్థాన్నే (జాతరనే) శకటంగా చూపించింది.

అంత పెద్ద తీర్థం జరిగినా జగ్గన్నతోట తోటగానే ఉంది. ఆ రోజుకి జనం వస్తారు, జీళ్లు, ఖర్జూరం, బొమ్మల దుకాణాలు వెలుస్తాయి, చీకటి పడేసరికి ప్రభలు తిరుగుముఖం పడతాయి. చెట్లకు మళ్లీ దింపు (కాయలు దించడం), మళ్లీ ఎరువు. వేడుక కోసం అక్కడ ఎవరూ నేలను సిమెంటు చేయలేదు. రెండు వరసలు తీయించేయమన్న కాంట్రాక్టరుకు నేను చెప్పదలుచుకున్న జవాబు అదే.

పెదనాన్నకు చెప్పాల్సిన జవాబు వేరు. ఆయన మాటలో నాకు గౌరవం ఉన్న ఒక బాధ ఉంది. అన్నం పెట్టి డబ్బు తీసుకోవడం ఈ గడ్డ మీద చిన్నతనం. గోదావరి పాయ వైనతేయ ఒడ్డున లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళకాని వేళ రేవు దాటి వచ్చిన బాటసారికి కూడా పొయ్యి వెలిగించి వండి పెట్టారు. భర్త జోగన్నగారిది వ్యవసాయం. ఆ అన్నం ఆ పొలంలో పండిందే. గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకు, అంటే కాలువను నది దాటించే వంతెనకు, ఆవిడ పేరే పెట్టారు. 2024 నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. అలాంటి చోట పుట్టి చోటుకు అద్దె అడగడమా అని పెదనాన్న బాధ.

కానీ సీతమ్మగారి కథలో రెండో సగం కూడా మనవాళ్లే చెబుతారు. పెట్టీ పెట్టీ ఆ ఇంటి ఆస్తి కరిగిపోయిందని. అది మహాత్యాగం. ప్రతి రైతు ఇంటినీ ఆ త్యాగం చేయమనలేం. మా తాతయ్య కళ్లం ఎవరడిగినా ఊరికే ఇచ్చేవారు, ఇవ్వగలిగారు, ఎందుకంటే అప్పటి ధాన్యం ఇంటిని మోసేది. నాన్న చేతికి వచ్చేసరికి ధాన్యం తన ఖర్చే తను మోయలేకపోయింది.

తోట కథను రెండుగా చీల్చింది 1996 నవంబరు 6. దీపావళి ఇంకా రాలేదు, సార్వా కోతకు వస్తోంది. ఆ రాత్రి తుఫాను కోనసీమ మీదుగా వెళ్లింది. వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరి చెట్లు కొన్ని వేళ్లతో సహా లేచిపోయాయి, కొన్ని నడుముకి విరిగాయి, నిలబడిన వాటికి మొవ్వు (తలలోని లేత చిగురు) తిరిగిపోయింది. మొవ్వు పోతే చెట్టు నిలబడే చచ్చిపోతుంది. బయటి వాళ్లకు అది తెలియక "చాలా చెట్లు మిగిలాయే" అనేవారట. మర్నాడు తాతయ్య తోటలోకి వెళ్లి, మధ్యాహ్నం దాకా రాలేదని మామ్మ చెప్పేది.

మన దేశవాళీ పొడుగు రకం మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ ఆరేడేళ్లూ ఇల్లు గడవాలి. తాతయ్య మొక్కల మధ్య అరటి, కంద, పసుపు వేశారు. తోట నడుమ ఒక చోట మాత్రం నీరు నిలిచి, వేసిన మొక్క వేసినట్టు కుళ్లిపోతుంటే, మెరక చేసి వదిలేశారు. కొబ్బరికాయలు రాశి పోయడానికి, ఒలుపు వాళ్లు గునపాలు పాతుకుని కూర్చోవడానికి ఆ ఖాళీయే పనికొచ్చింది. ఇప్పుడు పందిరి వేసేది అక్కడే. పెళ్లిళ్ల కోసం మేం కొట్టిన చెట్టంటూ లేదు.

ఆ తర్వాత కొబ్బరి నల్లి అనే చిన్న పురుగు వచ్చి కాయలు చిన్నవైపోయాయి. 2016 దాటాక తెల్లదోమ వచ్చింది, ఆకుల మీద మసి పేరుకుపోయింది. వరి సంగతి చెప్పాలంటే 2011 చాలు. ఆ సార్వాకు కోనసీమలో వేల ఎకరాలు నాట్లు వేయకుండా వదిలేసి రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు. కూలి రేట్లు పెరిగాయి, ధాన్యం ధర పెరగలేదు, పూడిపోయిన మురుగు కాలువల వల్ల కోతకొచ్చిన చేలు నీళ్లలో ఉండిపోయాయి. దేశానికి అన్నం పెట్టే డెల్టా అని పేరున్న చోట రైతు కావాలని చేను బీడు పెట్టాడంటే ఆ కడుపుమంట ఎంతటిదో ఊహించుకోవచ్చు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టుంది కాయ ధర కూడా.

అప్పటి నుంచి మా చుట్టూ ఉన్న చెక్కలు ఏమయ్యాయో చూస్తే పెదనాన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కొన్ని రొయ్యల చెరువులయ్యాయి. చెరువు పక్కనున్న చేలో ఉప్పు ఊరి నారు ఎర్రబడుతుంది, తర్వాత ఆ చేను కూడా చెరువుకే వెళ్తుంది. కొన్ని లేఅవుట్లయ్యాయి, రంగు రాళ్లు పాతి, గడ్డి మొలిచి ఉన్నాయి. నేల తాతల పేరు మీద నిలబడాలంటే ఏదో ఒక రాబడి ఉండాలి. మా తోటకు ఆ రాబడి పెళ్లిళ్ల నుంచి వస్తోంది. కొబ్బరి పెట్టుబడికీ, బోదె పూడిక తీతకీ, దింపు కూలికీ ఆ డబ్బే వెళ్తోంది. దీన్ని నేలను అమ్ముకోవడం అంటే నేను ఒప్పుకోను.

ఇక తోట మాట వినడమంటే ఏమిటో చెబుతాను. అద్దెకు తీసుకునే వాళ్లతో మాకు ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే.

కొబ్బరి చెట్టు కింద జనాన్ని కూర్చోబెట్టడం ఆషామాషీ కాదు. ముదురు కాయ ఒక్కటి నెత్తిన పడితే మనిషి పోతాడు. ఎండుమట్ట పడినా తక్కువేమీ కాదు. అందుకని పందిరి చుట్టూ, నడిచే దారి పొడుగునా ఉన్న ప్రతి చెట్టుకూ వేడుకకు ముందు దింపు అయిపోవాలి, ఎండుమట్టలు, డొక్కలు తీసేయాలి. దింపు మన ఇష్టమొచ్చిన రోజున జరగదు. కాయ ముదరాలి, నెలన్నర రెండు నెలల వరస ఉంటుంది. దింపు వాళ్లు ఊళ్లో తగ్గిపోయారు, ఉన్నవాళ్లకు వాళ్ల వాయిదాలున్నాయి. ముహూర్తం కోసం ముదరని కాయ దింపితే కొబ్బరి పలచగా ఉంటుంది, అంబాజీపేట మార్కెట్లో ధర పలకదు. కాబట్టి ముందు మా దింపు తేదీలు చూసి, వాటి తర్వాత వచ్చే ముహూర్తాలే ఇస్తాం. "ముహూర్తం మార్చలేం కదండీ" అంటారు. నిజమే. మేం దింపు మార్చలేం. ఇద్దరికీ కుదిరిన తేదీలు ఏటా కొన్నే. అవే చాలు.

రెండోది మేకు. సీరియల్ లైట్లు కట్టడానికి వచ్చిన కుర్రాడి చేతిలో మొదట కనిపించేది సుత్తి. మామిడికో వేపకో మేకు కొడితే ఆ గాయం చుట్టూ బెరడు మళ్లీ పెరిగి పూడుకుంటుంది. కొబ్బరి మానుకు ఆ గుణం లేదు. తాటి, ఈత, కొబ్బరి జాతికి మాను మీద పడిన గాయం బతికున్నంత కాలం అలాగే ఉంటుంది. తుఫాను ఏడాది బళ్లు రాసుకుపోయిన గుర్తులు మా గట్టు చెట్ల మీద ఇప్పటికీ వేలు పెట్టి చూపించొచ్చు. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు లోపల మానును పిప్పి చేస్తాయి. పైకి ఏమీ కనిపించదు. చెవి ఆనించి వింటే లోపల నమిలే చప్పుడు వినిపిస్తుంది. అప్పటికి చాలాసార్లు చెయ్యి దాటిపోయి ఉంటుంది. రెండు రాత్రుల దీపాలకు ముప్పై నలభై ఏళ్లు కాసే చెట్టును పణంగా పెట్టలేం. మా తోటలో ఏది కట్టినా కొబ్బరి పీచు తాడుతోనే, విప్పేటప్పుడు మావాళ్లు దగ్గరుంటారు.

దోమల మందు పొగ పెట్టించమని అడుగుతారు. పెట్టించం. తెల్లదోమను తినే మిత్ర పురుగులను కాపాడుకోమని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు చెబుతూనే ఉన్నారు. పొగ పెడితే ముందు పోయేవి అవే. వేపాకు పొగ వేస్తాం, ఫ్యాన్లు పెడతాం. కార్లు తోటలోకి రానివ్వం, చక్రాల బరువుకు నేల గట్టిపడితే పాదుల్లోకి నీళ్లు దిగవు. దాళ్వా కోసేసిన చేలో నిలుపుకోవచ్చు. అందుకే చైత్ర, వైశాఖాల్లో, కాలువలు కట్టేసి చేలు ఆరి ఉన్నప్పుడు, కాస్త పెద్ద పెళ్లిళ్లు ఒప్పుకుంటాం. సార్వా నాట్లు మొదలయ్యాక శ్రావణంలో ఎంత మంచి ముహూర్తమున్నా ఇవ్వం. నేల నానుతూ ఉంటుంది, పనివాళ్లంతా చేలల్లో ఉంటారు. మామ్మ పెళ్లినాటి లెక్క ఇదే.

వంట మాత్రం తోట తనే వండినంత పని చేస్తుంది. గాడిపొయ్యి తవ్వి, డొక్కలు, ఎండుమట్టలే వంటచెరకు. మా అంతరపంట కంద, పాదు మీది బచ్చలి కలిసి కందబచ్చలి కూర అవుతాయి. పెళ్లికూతురు చేతిలో పెట్టే బొండం మా చెట్టుదే. దాన్ని ముందు రోజే నాన్న ఎంచి, తాడు కట్టి నేలకు తగలకుండా దింపిస్తారు. ఎవరైనా పైసలిస్తామన్నా ఆ ఒక్కదానికి తీసుకోరు.

డబ్బు ఎక్కువొచ్చే దారి ఒకటుంది, దానికి మేం తలుపు వేసేశాం. సంక్రాంతి మూడు రోజులకు కోడిపందేల బరికి తోటనిమ్మని అడుగుతారు. ఏడాదంతా పెళ్లిళ్లకిచ్చినా రానంత ఆ మూడు రోజుల్లో వస్తుంది. జంతుహింస చట్టం 1960 నుంచి ఉంది, రాష్ట్ర గేమింగ్ చట్టం 1974 నుంచి ఉంది, 2016 డిసెంబరులో హైకోర్టు పందేలను ఆపమంది. అయినా ఏటా జరుగుతూనే ఉన్నాయి. సంప్రదాయం అంటారు. సంప్రదాయమైతే గుండాట జూదం బోర్డులెందుకు, పక్కనే మద్యం ఎందుకు? బరికిచ్చిన తోటల్లో పండగ వెళ్లాక చూశాను. పాదుల్లో సీసా పెంకులు, ఈకలు. ఊళ్లో ఏ ఇంటి ఆడవాళ్లను అడిగినా ఆ మూడు రోజుల్లో పోయిన డబ్బు లెక్క చెబుతారు. జగ్గన్నతోటా సంక్రాంతి వేడుకే, బరీ సంక్రాంతి వేడుకే అనడం నాకు మింగుడు పడదు.

కార్తీక వనభోజనాల విషయంలో మా ఇంట్లోనే వాదన జరిగింది. ఉసిరి చెట్టు కింద అందరూ కలిసి తినమని పెట్టిన ఆచారాన్ని మన జిల్లాల్లో కులాల వారీగా పంచుకున్నాం. ఫలానా సంఘం వనసమారాధన అని ఫ్లెక్సీ కట్టి, మిగతావాళ్లకు ప్రవేశం లేని భోజనం. తోట నీడకు కులం లేదు. బడి పాత విద్యార్థులకిస్తాం, ఆఫీసు వాళ్లకిస్తాం, ఊరంతటికీ అంటే సగం అద్దెకే ఇస్తాం. సంఘాల పేరుతో వచ్చే వాటికి ఇవ్వకూడదని నేనన్నాను. మనసు కష్టపెట్టుకుంటారేమోనని నాన్న తటపటాయించారు. చివరికి నా మాటే నిలిచింది. ఊళ్లో కొందరు మాతో మాటలు తగ్గించారు, అయినా ఈ నియమం మార్చం.

ప్రభుత్వాలకు మాత్రం ఇలాంటి తోట ఎక్కడ పెట్టాలో తెలియదు. 2006లో వచ్చిన నాలా చట్టం (సాగు భూమిని వేరే అవసరాలకు మార్చుకునే చట్టం) నేలను రెండు రకాలుగానే చూసింది, వ్యవసాయం, వ్యవసాయేతరం. ఆ ఆలోచన ఆఫీసుల్లో గట్టిగా నాటుకుపోయింది. ఏడాదిలో కొద్ది రోజులు పందిరి వేసి, మిగతా రోజులన్నీ కాయ దింపుకునే చెక్క ఆ రెండింట్లో ఏది? వ్యవసాయేతరం అని రాయించుకుంటే ఇక తోటగా ఉండాల్సిన అవసరమే కాగితం మీద పోతుంది, తర్వాతి తరానికి చెట్లు కొట్టడం సులువవుతుంది. ఆదాయపు పన్ను విషయంలో మాకు పేచీ లేదు. కాయల మీద వచ్చింది వ్యవసాయ ఆదాయం, పందిరి చోటుకు వచ్చింది కాదు, దాని మీద పన్ను కడతాం. రాత్రి పది దాటితే మైకు ఉండకూడదన్న నిబంధనా మంచిదే, పక్క మకాంలో పశువులున్నాయి. నేను అడిగేది, చెట్టు కొట్టకుండా, నేల కప్పకుండా, ఏడాదికి ఇన్ని రోజులకు మించకుండా వేడుకలు చేసుకునే తోటను తోటగానే గుర్తించే ఒక పద్ధతి పెట్టమని. అది ఉంటే చెరువు వైపో లేఅవుట్ వైపో చూస్తున్న రైతులు కొందరైనా ఆగుతారు.

కౌలు సంగతి కూడా చెప్పాలి. మా వరిచేలు చేసేది కౌలు రైతు. కార్లు నిలిపేది ఆయన కోసిన చేలో. ఆ అద్దెలో వాటా ఆయనకు వెళ్లాలని మొదటి ఏడాదే రాసుకున్నాం, కౌలులో తగ్గించకుండా విడిగా ఇస్తాం. పందిరి వేసేది, విస్తళ్లు తీసేది, గాడిపొయ్యి తవ్వేది మా దింపు, ఒలుపు ముఠాల వాళ్లే. దింపు లేని రోజుల్లో వాళ్లకదే పని. కేటరింగ్ వాళ్లు తమ మనుషుల్ని తెచ్చుకుంటామన్నా, బయటి పని మావాళ్లకే ఇవ్వాలన్నది ఒప్పందం. నేల మీద డబ్బొస్తే ఆ నేల మీద చెమటోడ్చిన వాళ్లకు రాకపోవడం న్యాయం కాదు.

తమ్ముడు ఈ మధ్య ఏసీ హాలు మాట ఎత్తుతున్నాడు. వానాకాలం కూడా ఆదాయం ఉంటుందని, బ్యాంకు లోను దొరుకుతుందని. వాడి లెక్కలో తప్పు లేదు. కానీ లోను తీసుకున్నాక వాయిదా కట్టడానికి ప్రతి ముహూర్తమూ కావాలి, శ్రావణం కావాలి, చివరికి సంక్రాంతి కూడా కావాల్సి వస్తుంది. అప్పుడు దింపు ఎప్పుడో హాలు చెబుతుంది. నాన్న ఏమీ అనలేదు గానీ, హాలుకు వాడు చూపించిన చోట మొన్న వానలకు అంబాజీపేట నుంచి తెచ్చిన గోదావరి గంగ రకం కొబ్బరి మొక్కలు నాటించారు.

ఈ కార్తీకంలో తూర్పు వైపు దింపు ఆలస్యమైంది. ఆ వారానికి అడిగిన రెండు కుటుంబాలకూ ఫోన్ చేసి సంగతి చెప్పాం. ఒకరు మార్గశిరానికి మార్చుకున్నారు. రెండో వాళ్లు కుదరదని అమలాపురంలో హాలు చూసుకున్నారు. వాళ్ల అడ్వాన్సు ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేశాం.